మూత కింద నీళ్ళు

కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు, కూర్చున్నాను. తెరిచినా చూసేదేమీ లేదు, ఎదురుగా గోడ నిండా తెల్లటి వెలుగు ముద్ద, అందులో కదిలే ఎర్రటి మరకలు నాలుగో ఐదో. ఆ ముద్ద ఆరడుగుల అక్వేరియం, ఆ మరకలు ఏడేళ్ళుగా శనివారం శనివారం వచ్చి నేను పెంచుతున్న గోల్డ్ ఫిష్‌లు. నిజానికి అవి తొమ్మిది. సిస్టరు రెండో విడత చుక్కలు వేసి ఇప్పుడే వెళ్ళింది. మొదటి విడతప్పుడే చెప్పాను, అమ్మా, నాకు కనుపాపలు పెద్దవి చేసే మందులేమీ వద్దు, అద్దాల నంబరు చూపించుకుని పోదామని వచ్చానంతే అని. "అరవై దాటినవాళ్ళందరికీ వెయ్యాలి తాతగారూ, తల వెనక్కి పెట్టండి" అంటూ గడ్డం పట్టుకుంది, నేను గింజుకునేలోగా రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. తాతగారట. ఆమెకే నలభై ఐదుంటాయి. ఇక్కడ ఎవరికీ చెవులు పని చెయ్యవు, కళ్ళ ఆసుపత్రి కదా, చెవులతో వాళ్ళకు పనేముంది. గంటసేపు కదలకూడదట, పది నిమిషాలకోసారి వచ్చి వేస్తుందట. చూడ్డానికని వచ్చినవాణ్ణి పట్టుకుని చూపు తీసేసి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇవాళ ఇంతకంటే వెర్రిపని ఇంకొకటి జరగదనుకుంటున్నాను, జరిగితే అది కూడా ఈ హాల్లోనే జరుగుతుంది.

చూడ్డానికే వచ్చాను, దాచుకోవడమెందుకు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ నంబరు మారినట్టుంది అంటే, మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "కళ్ళు చూపించుకోడానికి వెళ్తున్నారా, తమాషా చూడ్డానికి వెళ్తున్నారా?" అంది. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది, జవాబు చెప్పకుండా చెప్పులేసుకున్నాను. ఇవాళ పన్నెండింటికి ఆసుపత్రి చైర్మన్ వస్తున్నాడు, కొత్తగా అలంకరించిన ఈ హాలు చూడ్డానికి. అలంకరించినవాడు నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. బట్టల దుకాణాలకూ నగల దుకాణాలకూ అద్దాల బీరువాలు సర్ది లైట్లు పెట్టడం వాడి వృత్తి. నేను వాణ్ణి షోకేసు అంటాను, మా ఆవిడ దగ్గర మాత్రమే. వాడు నన్ను నోరారా అన్నయ్యా అంటాడు, నేను వాణ్ణి ఏమనీ పిలవను, పదిహేడేళ్ళుగా ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తున్నాను. మోచేతుల దాకా మడిచిన చొక్కా, మాట్లాడుతూ వేళ్ళతో గాలిలో గీతలు గీయడం, "ఇక్కడొక వెలుగు పడాలి సార్" అనడం. వాడి దృష్టిలో లోకంలో ఏ వస్తువుకైనా ఉన్న లోపం ఒక్కటే, దాని మీద చాలినంత వెలుగు పడకపోవడం. నగకైతే సరే, దానికి ఊపిరి లేదు, ఉక్కపోత లేదు. కింద చెయ్యి పెడితే నిమిషంలో లాగేసుకోవాల్సినంత వేడి పుట్టించే నాలుగు ఫోకస్ లైట్లు, నగలు తళతళలాడ్డానికి వాడే రకం, వాటిని తెచ్చి నా చేపల నెత్తిన పెట్టాడు. అదీ ఎక్కడ, చుక్కలు వేయించుకుని కనుపాపలు బార్లా తెరుచుకున్న నలభై మంది కూర్చునే హాల్లో. నేను తప్ప ఒక్కడు కూడా అటు తిరిగి కూర్చోలేదని నాకు చూడకుండానే తెలుసు. ఇందాక కుర్చీల కాళ్ళు ఈడ్చుకున్న చప్పుడు విన్నాను, ఆ వెలుగు భరించలేక అందరూ వెనక గోడవైపు తిరిగిపోయారు, నలభై వీపులు తిలకిస్తున్నాయి మావాడి కళను. కొలతలు మూడుసార్లు తీసుకున్నారట, బొమ్మ గీసి చూపించారట, మేనేజరు ఆహా అన్నాడట, ఇంతమంది పెద్దమనుషుల్లో ఒక్కడికి కూడా ఇది కళ్ళ ఆసుపత్రి అన్న సంగతి తట్టలేదు.

వెలుగు తప్పని నేననను. తొట్టిలో మొక్కలున్నాయి, వాటికి వెలుగు కావాలి. కానీ వెలుగుతో పాటు వేడీ వస్తుంది, దాన్ని రాకుండా ఏ మొనగాడూ ఆపలేడు, వచ్చినదాన్ని పోనివ్వడమే మన పని. లైటును నీళ్ళకు మూరెడు పైన వేలాడదియ్యి. తొట్టి పైభాగం తెరిచి ఉంచు. నీళ్ళ మీదుగా గాలి పోనివ్వు, ఆవిరి లేస్తుంది, లేచే ఆవిరి వేడిని పట్టుకుపోతుంది. రోజుకు రెండు చెంబుల నీళ్ళు తగ్గుతాయి, ఆ రెండు చెంబులూ మళ్ళీ పొయ్యి. కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయో తెలిసినవాడికి ఇందులో కొత్తేమీ లేదు, అయితే మా షోకేసుకు కుండంటే మూలన పెట్టి లైటు వేసే వస్తువు. వాడేం చేశాడు, నిగనిగలాడే చెక్కతో ఆరడుగుల మూత చేయించాడు. నాలుగు లైట్లూ ఆ మూత లోపలే బిగించాడు, నీళ్ళకు జానెడు ఎత్తున. సందులు కనపడితే అసహ్యమని చుట్టూ రబ్బరు పట్టీ అతికించాడు. నీళ్ళు తగ్గితే గాజు మీద తెల్లటి చార పడుతుంది, ఆ చార చైర్మన్ గారి కంట పడకూడదు, కాబట్టి ఆవిరి అనేదే బయటికి పోకూడదు. అంటే గిన్నెకు మూత పెట్టి పైనుంచి మంట పెట్టాడు. పోయిన శనివారం నేను మామూలుగా నీళ్ళు మార్చడానికి వచ్చేసరికి మూత సిద్ధంగా ఉంది, లైట్లింకా వెలిగించలేదు, పక్కనే నిలబెట్టిన ఫ్యాను ఒకటి కనపడింది. ఫ్యాను పెట్టాలని వాడికి ఎవరో చెప్పారు, ఎవరో ఏమిటి, నేనే చెప్పాను, ఆ ఒక్క ముక్కా చెవినేసుకున్నాడు, గాలి ఎటు పోవాలన్నది వదిలేశాడు. తొట్టి పక్క గాజుకు బయటివైపు అతికించిన థర్మామీటరు పట్టీ ఒకటి ఉంటుంది, సరిగ్గా దాని మూతికెదురుగా పెట్టాడు ఫ్యాను. నీళ్ళేమో మూత కింద, గాలేమో పట్టీ మీద. లోపల నీళ్ళు బుడగలొచ్చేలా మరిగినా ఆ పట్టీ ఇరవై నాలుగు డిగ్రీలు దాటదు. జ్వరం వచ్చినవాణ్ణి మంచం మీద వదిలేసి థర్మామీటరును చన్నీళ్ళలో ముంచి హమ్మయ్య అనుకునే రకం. ఆ రోజు పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వును ఆపుకుని, బకెట్లు కడిగి, పైపు చుట్టి, మేనేజరుకు వెళ్ళొస్తానని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాను.

"మీకు చుక్కలేశారా బాబూ? నాకెయ్యలేదు" అంటోంది పక్క కుర్చీలోంచి ఒకావిడ. గొంతు బట్టి డెబ్భై దాటిన మనిషి. ఒక కంటికి నిన్ననే ఆపరేషనైందట, కట్టు విప్పించుకోవడానికి వచ్చిందట, రెండో కన్ను బంగారంలా ఉందట, కోడలు బయట ఫోన్లో మాట్లాడుతోందట, మాట్లాడ్డం మొదలుపెడితే ఇక తెమలదట. ఇందులో ఒక్కటి కూడా నేనడగలేదు. "మీకు కనపడదు కదా, ఏమేం జరుగుతోందో నేను చెప్తాలెండి" అని తనంతట తనే ఉద్యోగంలో చేరింది. అన్నమాట ప్రకారం చెప్తూనే ఉంది, మేనేజరు జుట్టు దువ్వుకుంటున్నాడని, చొక్కా చేతులు మడిచినాయనెవరో గుమ్మం బయట పూలకుండీలు సర్దిస్తున్నాడని, గోడకు చిలకపచ్చ రంగు వేశారు, అస్సలు బాగాలేదని. ఆ రెండో మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. ఒంటి కన్ను ముసలమ్మకు కనపడింది ఇంతమంది కళ్ళ డాక్టర్లకు కనపడలేదు. నేను ఊఁ అంటున్నాను, అనకపోతే వినపడలేదేమో అని ఇంకా గట్టిగా చెప్తుంది.

షోకేసుకు చెప్పకపోలేదు, చెప్పాను. నలభై రోజుల కిందట, మామగారింట్లో, భోజనాల దగ్గర. వాడు గీసిన బొమ్మ చేతులు మారుతోంది. మా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని "ఆసుపత్రిలా లేదు నాయనా, హోటల్లా ఉంది" అంది, అది మెప్పని ఆవిడ ఉద్దేశం. నా వంతు వచ్చినప్పుడు చూసి, "ఇలా మూసేస్తే నీళ్ళు ఉడుకుతాయి, చేపలు బతకవు, గాలాడాలి, ఫ్యానుండాలి" అన్నాను. ఇంతకంటే విడమరచి ఎవరు చెప్తారు. వాడు నవ్వేసి, "అన్నయ్యగారికి అన్నిటికీ భయమే, మా ఇల్లు కట్టేటప్పుడు మెట్లు కూలిపోతాయన్నారు, గుర్తుందా అత్తయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. మామగారు నవ్వాడు, మరదలు నవ్వింది, మా ఆవిడ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వింది. అత్తగారు నవ్వుతూనే నాకు ఇంకో గరిటె వడ్డించింది, భయస్తుడికి కాస్త బలం పట్టాలన్నట్టు. ఆ మెట్లు మూడో ఏడుకే బీటలిచ్చాయి, ఆ సంగతి ఒక్కరికీ గుర్తు లేదు, నా భయం మాత్రం ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. ఆ రోజు చెయ్యి కడుక్కుంటూ ఒక వాక్యం తయారు చేసుకున్నాను. నేను ముందే చెప్పాను. మూడే మాటలు. దాన్ని ఏ గొంతుతో అనాలో, ఎవరెవరు ఉండగా అనాలో నలభై రోజులు సానబెట్టాను. కోపంగా అనకూడదు, అంటే ఏడ్చినట్టుంటుంది. నెమ్మదిగా, కాస్త జాలి కలిపి అనాలి. మేనేజరు ఉండాలి, చైర్మన్ ఉండాలి, ఆ మాట పడ్డప్పుడు వాడి మొహం నాకు పూర్తిగా కనపడాలి. అందుకే వెతికి వెతికి ఇవాళ్టికి కళ్ళ పరీక్ష పెట్టించుకున్నాను. తొమ్మిదిన్నరకల్లా వచ్చి తొట్టికెదురుగా కుర్చీ పట్టుకున్నాను, గాజు మీద చెయ్యి కూడా ఆనించకుండా కూర్చున్నాను, ఆ తర్వాత సిస్టరు సీసా పట్టుకుని వచ్చింది.

మూడో విడత. ఈసారి చుక్క చెంప మీదుగా జారి పెదవికి తగిలింది, చేదు. ఈ వాసన కాదు గానీ దీనికి అక్కలాంటి వాసన ఒకటి నాకు బాగా తెలుసు, కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు, అటెండరుగా ఇరవై ఆరేళ్ళు. కప్పలూ పాములూ మందునీళ్ళలో వేసిన సీసాలు వరసగా బీరువాలో ఉండేవి. కొత్తగా వచ్చిన ప్రొఫెసరు వాటిని కిటికీలో పెట్టించాడు, వెలుగులో బాగా కనపడతాయని. వీళ్ళందరికీ వెలుగు పిచ్చి. "సార్, ఎండ తగిలితే మందు ఆవిరైపోతుంది" అన్నాను. "నీకెందుకయ్యా, తుడిచి పెట్టు" అన్నాడు. తుడిచి పెట్టాను. రోజూ తుడిచాను, మందు రోజుకో గోరంత దిగడం రోజూ చూశాను. సెలవులయ్యాక తనిఖీ అధికారి వచ్చేసరికి సీసాల్లో పాములన్నీ ఎండి పాత బెల్టుల్లా తయారయ్యాయి. ఆయన ఒక సీసా పట్టుకుని ఇదేమిటని అడిగినప్పుడు ప్రొఫెసరు మొహం ఎలా అయిందో, ఆహా, ఇన్నేళ్ళయినా దాన్ని అప్పుడప్పుడూ తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను. ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు, సీసాకు మూత బిగించడం రాదు. మూతల చుట్టూ కాస్త మైనం రాస్తే సరిపోయేది. మైనం నా బల్ల సొరుగులోనే ఉండేది. అవును, ఎడమవైపు సొరుగులో, దారపు ఉండ పక్కన. ఇన్నేళ్ళలో ప్రొఫెసరు మొహం గుర్తొచ్చినప్పుడు ఆ మైనం ఎప్పుడూ గుర్తు రాలేదు, ఇప్పుడెందుకొచ్చిందో. కళ్ళు మూసుకుని కూర్చోబెడితే పట్టే రోగమిదే, చూడ్డానికి బయట ఏమీ లేకపోయేసరికి మనసు లోపల సామాను కెలుకుతుంది.

"బాబూ, చేపలన్నీ పైకొచ్చేశాయి" అంది పెద్దావిడ. "నీళ్ళ మీద నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆకలేస్తోందేమో పాపం."

నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, పరీక్ష పాసైనవాడి సంతోషం. నీళ్ళు వేడెక్కితే వాటిలో ఊపిరి తగ్గిపోతుంది, అందుకని చేపలు పైకొచ్చి గాలి మింగుతాయి, దాన్ని చూసి లోకమంతా ఆకలనుకుంటుంది. అది ఆకలి కాదు, ఆయాసం. పైగా ఆ మూత కింద వాటికి దొరికే గాలి ఎలాంటిది, నాలుగు లైట్ల సెగ. ఎనిమిదిన్నరకు వెలిగించారట, మూడు గంటలు దాటింది, ఇరవై నాలుగు నుంచి లెక్కేసుకుంటే ముప్ఫై రెండు డిగ్రీలు, ముప్ఫై మూడు కూడా అయి ఉండొచ్చు. నేను చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది, పొల్లు పోకుండా జరుగుతోంది. టైమెంతయిందని అడిగాను. "పన్నెండుకు పాతిక నిమిషాలుంది" అంది. పాతిక నిమిషాలు ఆగుతాయి. గోల్డ్ ఫిష్ మొండి జాతి, నాకు తెలుసు, పాతిక నిమిషాలు ఆగలేకపోవు. చైర్మన్ తలుపు తోసుకొచ్చి ఆ నోళ్ళను తన కళ్ళతో చూడాలి, ఇదేమిటని అడగాలి, షోకేసు నీళ్ళు నమలాలి, అప్పుడు నేను లేచి, మూడు మాటలు అని, లైట్లు ఆపించి, మూత తీయించి, అందరి ముందూ చేపలను కాపాడతాను. వాటిని కాపాడేది ఎలాగూ నేనే కదా, పాతిక నిమిషాలు అటైతేనేం ఇటైతేనేం. లెక్క సరిగ్గానే ఉంది. తేడా అల్లా నా కళ్ళు, మొహం కనపడదు, పోనీ గొంతయినా వినపడుతుంది, గొంతు వణకడం వింటాను.

డబ్బా మూత తీసిన చప్పుడు. రిసెప్షన్ ఆవిడ. "సార్ వచ్చేసరికి హుషారుగా తిరగాలి కదండీ" అంటూ మూతకున్న చిన్న తలుపు తీసి మేత చల్లుతోంది, చల్లడం కూడా గుప్పెళ్ళతో, చూసే దిక్కు లేకపోతే మనుషులు ఎంత తెలివితక్కువ పనులు చేస్తారో. ఆ మేత వేడినీళ్ళలో చివికి, ఉన్న కాస్త ఊపిరినీ తనే తినేస్తుంది. చెప్పొచ్చు. ఆరడుగుల దూరంలో ఉన్నాను, అమ్మా వెయ్యకు అంటే చాలు. అంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెప్తే లైట్లు ఆపేస్తారు, ఆపేస్తే చైర్మన్ వచ్చేసరికి అంతా సర్దుకుని ఉంటుంది, అంతా మామూలే, షోకేసు వేళ్ళతో గాలిలో గీతలు గీస్తాడు, అత్తగారు మళ్ళీ కళ్ళజోడు సర్దుకుంటుంది. ఊరుకున్నాను. "తినట్లేదమ్మా అవి" అంటోంది పెద్దావిడ రిసెప్షన్ ఆవిడతో. "తింటాయిలెండి" అని డబ్బా మూసుకుని వెళ్ళిపోయింది ఆమె.

షోకేసు నాకు ఫోన్ చేశాడు. ఈ సంగతి తలుచుకోకుండా గంట గడుపుదామనుకున్నాను, కుదిరేలా లేదు. మంగళవారం ఒకసారి, నిన్న ఒకసారి. "అన్నయ్యా, లైట్లు కాసేపు వెలిగించి చూశాం, పట్టీ మీద సరిగ్గానే చూపిస్తోంది గానీ నాకెందుకో నీళ్ళు వెచ్చగా అనిపిస్తున్నాయి. చేపల సంగతి మీకే తెలుసు, ఒకసారి వచ్చి చూసిపోరూ?" మొదటిసారి ఊళ్ళో లేనన్నాను. నిన్న నడుం పట్టిందన్నాను. "సరే అన్నయ్యా, మీరు విశ్రాంతి తీసుకోండి, వేడినీళ్ళ కాపడం పెట్టించుకోండి" అన్నాడు. వేడినీళ్ళ కాపడం. ఫోన్ పెట్టేసి, శుభ్రంగా లేచి వెళ్ళి, వంగి, పెరటి మొక్కలన్నిటికీ నీళ్ళు పోశాను. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసింది. వాడు చెయ్యి ముంచి చూశాడన్నమాట. పట్టీని నమ్మలేదు, చెయ్యి ముంచాడు, అనుమానం వచ్చింది, వచ్చాక ఊళ్ళో ఇంతమంది ఉండగా అడగాల్సిన మనిషినే అడిగాడు. నేనైతే తెలియదని ఒకణ్ణి అడుగుతానా, చచ్చినా అడగను. ఏమిటిది, వాణ్ణి మెచ్చుకుంటున్నానా. ఎందుకు మెచ్చుకోవాలి, రబ్బరు పట్టీ అతికించినవాడు వాడే కదా. అతికించాడు సరే, తీయమని చెప్పే మాట నా నోట్లో ఉంది. మైనం సొరుగులో ఉన్నట్టే.

"అయ్యో, ఒకటి పక్కకు ఒరిగిపోయింది బాబూ" అంది పెద్దావిడ. ఏదని అడిగాను. ఏదంటే ఆవిడేం చెప్తుంది, చేపంటే చేపే కదా, అయినా రంగెలా ఉందని గట్టిగా అడిగాను. "తెల్లగా ఉంది, తోక మీద నల్లమచ్చ."

గుమాస్తా. ఆ పేరు నేనే పెట్టాను, తొట్టి ఈ చివరినుంచి ఆ చివరికి ఫైళ్ళు మోస్తున్నట్టు పొద్దస్తమానం తిరుగుతుంటుంది, ఎక్కడా ఆగదు, ఎవరితోనూ పేచీ పెట్టుకోదు. బొటనవేలి గోరంత ఉన్నప్పుడు ప్లాస్టిక్ సంచిలో తెచ్చాను. బస్సులో కిటికీ పక్క సీటు, ఎండ పడుతుందని తడి చేతిరుమాలు సంచి చుట్టూ చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను, రుమాలు ఆరినప్పుడల్లా తాగే నీళ్ళతో తడిపాను, మూడు గంటల ప్రయాణంలో నేను గుక్కెడు తాగలేదు. పక్కవాడు నవ్వాడు, చేపకింత సేవా అని. వాణ్ణి చూసి వీడికేం తెలుసనుకున్నాను. శనివారం నేను చెయ్యి నీళ్ళలో పెడితే మిగతావన్నీ పారిపోతాయి, గుమాస్తా ఒక్కడే వచ్చి వేలికి మూతి ఆనించి, పనుందన్నట్టు వెళ్ళిపోతాడు. పోయిన శనివారం కూడా వచ్చాడు. వేలికి ఆనాడు. నేను అప్పుడు ఫ్యానును చూసి నవ్వాపుకుంటున్నాను. ఛీ. ఈ ముక్క అన్నది షోకేసును కాదు, మేనేజరును కాదు. లేచి నిలబడ్డాను.

కళ్ళు తెరిస్తే సూదులు గుచ్చినట్టుంది, ఆ వెలుగంతా ఒక్కసారి లోపలికి దూరింది. "ఎక్కడికి బాబూ, కూర్చోండి" అంటూనే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది, పట్టుకుని తనే నడిపించింది. గాజుకు అరచెయ్యి ఆనించాను. స్నానానికి తోడిన నీళ్ళలా ఉంది. స్విచ్చి ఎడమవైపు గోడకు నా భుజమెత్తున ఉండాలి, ఏడేళ్ళుగా అక్కడే ఉంది, తడిమితే నున్నటి గోడ, అందం కోసం వాడు దాన్ని కూడా ఎక్కడికో మార్చేశాడు. మూత అంచు దొరికింది. లేపబోయాను, ఆరడుగుల చెక్క, ఒక్కడి వల్ల అయ్యేది కాదు, చెయ్యి జారి లోపల లైటు డిప్పకు తగిలింది. చర్మం కాలిన వాసన నాకే తెలిసింది. అప్పుడు అరిచాను. పదిహేడేళ్ళుగా పిలవని పిలుపు, హాలంతా వినపడేలా, "తమ్ముడూ!" అని.

అడుగులు పరిగెత్తుకొచ్చాయి. "అన్నయ్యా, మీరెప్పుడొచ్చారు, కళ్ళకేమైంది, చెయ్యేమిటి అలా..." అంటున్నాడు. లైట్లాపు అన్నాను. చైర్మన్ గారు వచ్చే టైమని గాని, ఎందుకని గాని అనలేదు వాడు, కౌంటరు లోపలికి ఉరికాడు, టక్కున ఆరిపోయాయి. కంటి ముందున్న తెల్లటి ముద్ద బూడిదరంగయింది. మూత లేపుదాం, నువ్వాచివర పట్టుకో. ఆ ఫ్యాను ఇటు తిప్పు, పట్టీకి కాదు, నీళ్ళ మీదికి. మేత తీసెయ్యి. ఐసు వద్దు, చన్నీళ్ళు ఒక్కసారిగా పొయ్యొద్దు, చెంబు చెంబు, నెమ్మదిగా. చెప్తుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది, ఇంతేనా, ఇవన్నీ చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు, నిన్న ఫోన్లో చెప్పినా ఇంతే పట్టేది. మూత పక్కకు దింపాం. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. నీళ్ళలోకి చెయ్యి పెట్టి ఉంచాను, చాలాసేపు ఉంచాను, వేలికి ఏమీ తగల్లేదు. "ఎన్ని తిరుగుతున్నాయి, లెక్కపెట్టు" అన్నాను. లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. "ఎనిమిది అన్నయ్యా. తెల్లటిది..."

మేనేజరు వచ్చి పడ్డాడు. "ఎవరాపారు లైట్లు? చైర్మన్ గారు మెట్లెక్కుతున్నారు, ఈ నీళ్ళేమిటి, ఈ మూతేమిటి?" అని కేకలు. షోకేసు నా పక్కనే నిలబడ్డాడు, తడిసిన చొక్కా చెయ్యి నా చేతికి తగులుతోంది. వాడి మొహం కేసి చూశాను, ఈ మొహం కోసమే పొద్దుటినుంచీ కాపు కాశాను, బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు. "తప్పు నాది సార్" అన్నాడు. "మూత మూసెయ్యడం వల్ల నీళ్ళు వేడెక్కాయి. ఒక చేప పోయింది. మా అన్నయ్య ముందే చెప్పారు, నేనే వినిపించుకోలేదు."

గొంతు వణికింది. నేను వినాలనుకున్నంతా వణికింది. నా మూడు మాటలూ వాడే అనేశాడు, మేనేజరు ముందు, తలుపు దగ్గర ఆగిపోయిన అడుగుల ముందు, ఒక్క సాకు లేకుండా, ఫోన్ చేశానని గాని, నేను రాలేదని గాని అనకుండా. నేను అబద్ధమాడానని వాడికి తెలియదు, తెలిస్తే అప్పుడైనా అనేవాడా, ఏమో, అనడేమో. వాడిలో అసహ్యించుకోవడానికి ఏదైనా మిగిలిందా అని వెతికాను, ఉన్న అసహ్యమంతా చేతిలో అలాగే ఉంది, పెట్టే చోటు లేదు. మాట్లాడాలి, ఇప్పుడే మాట్లాడాలి.

"ఒక్కసారే చెప్పాను" అన్నాను.

"పెద్దవాళ్ళు ఒక్కసారి చెప్తే చాలదుటండీ" అని మేనేజరు నా భుజం తట్టి, నన్ను చైర్మన్ గారికి పరిచయం చెయ్యడానికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.